పందొమ్మిది కార్డులు

మేడమీది గది
మార్చి 3

తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఒంట్లో బాగానే ఉంది. మెట్లెక్కేటప్పుడు మాత్రం మోకాలు నేనున్నానంటోంది.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం రాసినందుకు విసుక్కోకు. ఫోనులో నా మాట పూర్తికాకముందే నువ్వు జవాబు చెప్పేస్తావు. కాగితమైతే చివరిదాకా చదవక తప్పదు.

నిన్నటి పేపర్లో మీ రికార్డుల శాఖ జవాబు చదివాను. బాలికల గృహం విచారణ ఫైలు ఇరవై తొమ్మిదేళ్ళకి బయటపెట్టారట. మూడువందల పన్నెండు పేజీలు. పేపరువాళ్ళు ఒక పేజీ ఫొటో వేశారు. పేరున్న చోటల్లా నల్లపట్టీ. చనిపోయిన ముగ్గురు పిల్లల్లో ఒకమ్మాయి చెల్లెలు, ఆ పట్టీల కింద సాక్షులెవరో అధికారులెవరో చెప్పండని అర్జీ పెట్టుకుంది. "అది ఇప్పుడు తేల్చడం సాధ్యం కాదు. ఈ ఫైలుకు పేర్ల సూచిక ఎన్నడూ తయారు కాలేదు" అని జవాబు. కింద నీ సంతకం.

నీకు తెలిసినవే అయినా రాస్తాను. రాసుకుంటే నాకు తేటపడుతుంది. ఆ విచారణ సంఘంలో టైపిస్టుని నేను. గృహంలో బట్టలుతికే గదిలో ఆవిరి గొట్టం పగిలింది. తలుపుకి బయటినుంచి తాళం ఉంది. ముగ్గురు పోయారు. మిగిలినవాళ్ళలో పద్నాలుగు మంది పిల్లలు వచ్చి సాక్ష్యం చెప్పారు. తమ పేరు బయటికి రాదని మా సంఘం అధ్యక్షుడు, ఆ పెద్దాయన, మాట ఇచ్చాకే నోరు విప్పారు. పేర్ల సూచిక నేనే చేశాను. మన భోజనాల బల్ల మీద, అట్ట కార్డుల మీద. ఒక్కో కార్డుకి ఒక పేరు, ఆ పేరు వచ్చే పేజీలు. సాక్షులకి తెల్ల కార్డు, అధికారులకి నీలం కార్డు. వాటిని అకారాదిగా పేర్చింది నువ్వు. అప్పుడు నీకు పదిహేడేళ్ళు. "క్ష" ఎక్కడ పెట్టాలక్కా అని నన్ను నిద్రలేపావు.

ఆ జవాబు నువ్వు రాశావా? ఎవరో రాస్తే సంతకం పెట్టావా?

అంతే అడుగుతున్నాను.

అక్క


రికార్డుల భవనం, మూడో అంతస్తు
మార్చి 11

అక్కయ్యకి,

నమస్కారాలు. క్షేమమని రాయాలి కాబట్టి క్షేమం.

నీ ఉత్తరం ఆఫీసు టపాలో వచ్చింది. చేత్తో చిరునామా రాసిన కవరు మా టపా గుమాస్తా చూసి ఎన్నాళ్ళయిందో, అర్జీ అనుకుని ముద్ర కొట్టి నంబరు వేసేశాడు. అక్క ఉత్తరం, అర్జీ నంబరు నాలుగువందల పదహారు. రూలు ప్రకారం ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ఎనిమిది రోజులకే ఇస్తున్నాను, చూశావా మా శాఖ చురుకు!

నువ్వడిగినదానికి: రాసింది పై ఆఫీసు, సంతకం నాది. నా బల్ల మీదికి రోజుకి అరవై కాగితాలు వస్తాయి. అయినా అందులో అబద్ధమేముందక్కా? ఫైల్లో సూచిక లేదు. లేనిది లేదని రాశాం. కుట్టి, నంబరు పడి, జాబితాకెక్కితేనే మా దృష్టిలో అది కాగితం. భోజనాల బల్ల మీద మనం చేసింది కాగితం కాదు, పేకాట.

నలుపు సంగతి వేరే చిక్కు. పేర్లు మూసెయ్యాలంటే ఫైలుకి కాపీ తీసి, ఆ కాపీ మీద సిరా పుయ్యాలి. మా కాపీల గదిలో ఒకాయన ఉన్నాడు, ముప్పై ఆరేళ్ళ సర్వీసు. అందరూ సిరాబుడ్డి అంటారు. ఆయన ముందు పూసి, తర్వాత కాపీ తీశాడు. అంటే అసలు ఫైలే నల్లబడింది. దీపానికి అడ్డం పెట్టి చూసినా ఏం కనపడదు. ఎందుకు చేశావయ్యా అంటే "చెప్పింది చేశాను సార్" అంటాడు. తాటిచెట్టెందుకెక్కావంటే దూడ గడ్డికన్నట్టు.

దీనిమీద చట్టసభవాళ్ళు ఐదుగురితో ఒక పరిశీలన సంఘం వేశారు. పిలుస్తారు, వెళ్తాను, చెప్పిందే చెబుతాను. నువ్వు కంగారు పడకు.

అన్నట్టు, అప్పటి అద్దె ఇల్లు ఖాళీ చేసినప్పుడు ఆ చెప్పుల పెట్టె ఏమైంది? కార్డులు అందులోనే వేసేవాళ్ళం. చెత్తలో కలిసిపోయే ఉంటుందిలే. ఊరికే అడుగుతున్నా.

నీ తమ్ముడు


మేడమీది గది
మార్చి 16

తమ్ముడికి,

ఊరికే అడిగావు. ఊరికే చెబుతున్నాను. చెప్పుల పెట్టె నా దగ్గరుంది.

పద్నాలుగు తెల్లవి, ఐదు నీలంవి. అడుగున కొన్ని ఖాళీవి కూడా మిగిలాయి. పొద్దున ప్రార్థనకి కూర్చునే కిటికీ పక్కన చిన్న బీరువాలో ఉంటుంది పెట్టె. రోజుకొక కార్డు తీస్తాను. ఆ పేరు మీద ప్రార్థన చేసి అడుగున పెట్టేస్తాను. పందొమ్మిది రోజులకి ఒక చుట్టు పూర్తవుతుంది. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఇదే.

ఇంతకంటే గొప్ప కారణం ఏమీ లేదు. కొందరికి జపమాల ఉంటుంది. నాకు ఇది ఉంది.

మన నడిపి చెల్లి కిందటేడు వచ్చినప్పుడు నా చేతిలో నీలం కార్డు చూసింది. పేరు చూపించలేదు.

"ఇదెవరికోసమే?" అంది.

"తప్పు చేసినవాళ్ళకి."

"వాళ్ళకి కూడా చేస్తావా ప్రార్థన?"

"వాళ్ళకే ఎక్కువ అవసరం."

"అయితే ఇంకో నీలం కార్డు తియ్యి. మా ఆయన పేరు రాద్దువుగాని" అంది.

పెద్దాయన నివేదిక మీద సంతకం పెట్టకముందే మంచాన పడ్డాడని నీకు తెలుసు. చివరిసారి వెళ్ళినప్పుడు నాతో ఒక్క మాట అన్నాడు. "ఈ పెట్టె ఫైలుతో పంపకమ్మా. పిల్లలు బతకాలి." అందుకని ఇంటికి తెచ్చాను. ఆయన అన్నది తెల్ల కార్డుల గురించి. నీలంవి కూడా ఉంచేసింది నేను. ఆ తేడా అప్పుడు తోచలేదని రాస్తే అది నిజం కాదు. తోచింది. భయపడ్డాను.

సూచిక ఎన్నడూ తయారు కాలేదన్న మాట ఇప్పుడు నువ్వు మళ్ళీ చదువు.

అక్క


ఇంటినుంచి
మార్చి 29

అక్కయ్యా,

ఇకమీదట ఆఫీసుకి రాయకు. ఇంటి చిరునామాకే రాయి. అర్జీ నంబర్ల సరదా చాలు.

నిన్న పై అంతస్తు నుంచి పిలుపొచ్చింది. గృహంలో పిల్లలు తాళాలాయన అని పిలిచేవాళ్ళే, ఆయన. పని వేళల్లో గది తలుపుకి బయటినుంచి తాళం వెయ్యాలని ఉత్తరువు రాసినాయన. అప్పుడు గృహాల పర్యవేక్షకుడు. ఇప్పుడు ప్రభుత్వానికి ముఖ్య సలహాదారు. ఆయన గదిలో తివాచీ ఎంత మెత్తగా ఉంటుందంటే, మన చెప్పుల చప్పుడు మనకే వినపడదు. కూర్చోమన్నాడు. నవ్వుతూనే మాట్లాడాడు.

"మీ అక్కగారు ఆ విచారణ సంఘంలో టైపు చేసేవారు కదూ?"

"అవునండి."

"ఎలా ఉంది ఆవిడ ఆరోగ్యం?"

"బాగుందండి. కాస్త మోకాలు."

"జ్ఞాపకశక్తి?"

నేను తివాచీ కేసి చూశాను.

"ఆ వయసులో ఉన్నవీ లేనివీ కలిసిపోతుంటాయి. పాపం, మనమే చూసుకోవాలి" అన్నాడు.

అంతే. కాఫీ కూడా ఇప్పించాడు. సాసర్లో ఒలికితే తనే రుమాలు అందించాడు.

నేను నీకు భయం చెప్పడం లేదు. న్యాయమే చెబుతున్నాను. పెట్టె బయటికొస్తే ఎవరు నలుగుతారో ఆలోచించు. తాళాలాయనకి వకీళ్ళున్నారు. ఆ పద్నాలుగు మందికి ఎవరున్నారు? ఇప్పుడు వాళ్ళంతా నలభై దాటిన ఆడవాళ్ళు. ఆ గృహంలో పెరిగామని కట్టుకున్నవాళ్ళకి కూడా చెప్పనివాళ్ళుంటారు. పెద్దాయన ఇచ్చిన మాట ఏం కావాలి? నీ ప్రార్థనలన్నీ ఏం కావాలి?

పెట్టె కాల్చెయ్యమనను. నీకు చేతులు రావని తెలుసు. ఉందన్న సంగతి మర్చిపో, చాలు.

సిరాబుడ్డిని సస్పెండు చేశారు. రిటైరవడానికి ఇంకా ఎనిమిది నెలలుంది. సంజాయిషీ అడిగితే పెద్ద కాగితం మధ్యలో ఒకే లైను రాసిచ్చాడు: "చెప్పింది చేశాను." ఇంకేదైనా కలపవయ్యా అని నేనే బతిమాలాను. "ఇంకేముంది సార్ కలపడానికి" అన్నాడు.

మా పెద్దమ్మాయికి ఇది చివరి సంవత్సరం. ఈ క్వార్టరు ఖాళీ చెయ్యాల్సొస్తే దాని చదువు అటకెక్కినట్టే. ఇది కూడా నీకు తెలియాలని రాస్తున్నాను.

తమ్ముడు


మేడమీది గది
ఏప్రిల్ 20

తమ్ముడికి,

జవాబు ఆలస్యమైంది. ఒకరిని చూసి రావాలని ఆగాను.

నువ్వు చెప్పిన న్యాయం నాకు నచ్చింది. అందుకే వెళ్ళి అడిగాను. పద్నాలుగు మందిలో నాకు చిరునామా తెలిసింది ఒక్కరిదే. బజారు చివర కుట్టు మిషను పెట్టుకుంది. ఇద్దరు పనివాళ్ళు. గోడకి కాగితపు నమూనాలు వేలాడుతున్నాయి.

నేను గుమ్మంలో నిలబడితే మిషను ఆపకుండానే, "కొలతకా, తీసుకెళ్ళడానికా?" అంది.

"రెండూ కాదు" అన్నాను.

అప్పుడు తలెత్తింది. కాసేపు చూసింది. పనివాళ్ళని టీకి పంపించింది. తర్వాత, "టైపు అక్క" అంది.

నన్ను ఆ పేరుతో పిలిచి ఇరవై తొమ్మిదేళ్ళయింది.

సంగతి చెప్పాను. ఒడిలో గుడ్డ మడత పెడుతూ, విప్పుతూ వింది.

"మా ఆయనకి తెలీదక్కా. పిల్లలకీ తెలీదు. అమ్మానాన్నలు చిన్నప్పుడే పోయారనీ, పిన్ని పెంచిందనీ చెప్పా. ఆ పిన్నికి ఒక ఇల్లు కట్టా. పెరట్లో నుయ్యి తవ్వించా. ఉబ్బసం కూడా పెట్టా. పోయిన రోజని ఏడాదికోసారి దీపం పెడతారు మావాళ్ళు. ఇప్పుడు పిన్నే లేదంటే ఎట్లా?"

"తాళాలాయన పేరు బయటికొస్తే?"

"రానీ. కోటిసార్లు రానీ. నా పేరు రాకూడదు."

"రెండూ ఒకే పెట్టెలో ఉన్నాయి."

"అయితే పెట్టెని రెండు చెయ్యి. రంగులు పెట్టింది నువ్వేగా" అంది.

లేచి వచ్చేస్తుంటే నా జాకెట్టు భుజం దగ్గర కుట్టు ఊడిందని కూర్చోబెట్టి కుట్టింది. దారం పళ్ళతో తెంపుతూ, "ఆ రోజు లోపలినుంచి తలుపు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నా. అది మాత్రం అబద్ధం కాకూడదు" అంది.

ఇక రెండో సంగతి. పరిశీలన సంఘం నుంచి నాకు ఉత్తరం వచ్చింది. అప్పటి విచారణ సంఘంలో పనిచేసి ఇంకా బతికున్న అందరికీ పంపారట. మీ దగ్గర పేర్ల సూచిక ఉందా అని అడిగారు. ఉంటే మొత్తం తేవాలి. కొంత భాగమే తేదలిస్తే, దాని తయారీని స్వయంగా ఎరిగిన మరొకరు వచ్చి సాక్ష్యం చెప్పాలి. లేకపోతే భాగానికి విలువ లేదు. మే ఇరవై లోపు జవాబివ్వాలి.

తయారీ ఎరిగిన మరొకరు ఈ భూమ్మీద ఒక్కడే.

నీకింతవరకూ రాయనిది ఒకటుంది. ఐదు నీలం కార్డుల్లో నాలుగు నా చేతిరాత. ఒకటి నీది. నాకు జ్వరం వచ్చిన రోజున నేను చెబుతుంటే నువ్వు రాశావు. అక్షరాలు వెనక్కి వాలి ఉన్నాయి. ఎడమచెయ్యి వెంట జరగడంతో సిరా కుడివైపుకి చెదిరింది. మొన్న పేపర్లో నీ సంతకం కూడా అలాగే చెదిరింది. నువ్వు మారలేదు.

ఆ కార్డు మీది పేరు తాళాలాయనది. పేజీలు 118, 119, 204.

సిరాబుడ్డి "చెప్పింది చేశాను" అన్నాడని రెండుసార్లు రాశావు. చెప్పింది ఎవరో ఒక్కసారి కూడా రాయలేదు.

అక్క


ఇంటినుంచి
ఏప్రిల్ 26

అక్కా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. చివరిదాకా ఆగి మరీ చదివాను, నువ్వు కోరినట్టే.

ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. నువ్వు ఇరవై తొమ్మిదేళ్ళు దాచావు. నాది మూడు నెలలు కూడా కాలేదు. నువ్వు దాస్తే ప్రార్థన, నేను దాస్తే నేరమా? అర్జీ పెట్టిన ఆ చెల్లెలు ప్రతి ఏడూ ఏదో ఒక ఆఫీసు మెట్లెక్కుతూనే ఉంది. ఆ పెట్టె ఉన్న గది దాటుకుంటూ కూడా ఎప్పుడో వెళ్ళే ఉంటుంది. నువ్వు కిటికీలోంచి చూసే ఉంటావు.

రాయకూడనిది రాసేశాను. కొట్టేస్తే నల్లపట్టీ అవుతుంది. ఉండనీ.

నేను చెప్పేది విను. పెట్టె మొత్తం ఇవ్వద్దు, ఆ కుట్టుపనావిడ పిన్నిని చంపద్దు. కార్డులు పోస్టులో పంపించు. పేరు రాయకు. వాళ్ళేం చేసుకుంటారో చేసుకుంటారు. ఒక్కటి మాత్రం చెయ్యి. నా రాత ఉన్న కార్డు నీ రాతలో తిరిగి రాయి. ఖాళీ కార్డులున్నాయన్నావుగా. అదే పేరు, అవే పేజీలు, ఒక్క అక్షరం మారదు. అబద్ధం ఎక్కడుంది ఇందులో? జ్వరం రాకపోయుంటే నువ్వే రాసేదానివి.

ఒక్క కార్డు, అక్కా. అమ్మ పోయాక నీ దగ్గర ఇంతవరకూ ఏదీ నోరు తెరిచి అడగలేదు.

సిరాబుడ్డి సంగతి ఇప్పుడు వద్దు.

తమ్ముడు


మేడమీది గది
మే 2

తమ్ముడికి,

కోపం లేదు. నువ్వు రాసింది నిజం. ఆ అమ్మాయిని చూశాను. ఒకసారి కాదు, మూడుసార్లు. గొడుగు మూసి ఎదురింటి అరుగు మీద కూర్చుని కాళ్ళు ఒత్తుకునేది. నేను లోపల కూర్చుని ఆమె అక్క కోసం ప్రార్థన చేశాను. తలుపు తీసి ఉంటే సరిపోయేది. దేవుడు నన్ను చాలాసార్లు అడిగి ఉంటాడు. నేను చెయ్యాల్సిన పనిని కూడా ప్రార్థనలో కలిపేసి ఆయనకే అప్పగించాను. ఇది నేను సంఘం ముందు చెబుతాను. నీకు ముందు చెబుతున్నాను.

ఇక నువ్వడిగిన కార్డు.

నువ్వు నన్ను ఎప్పుడూ ఏమీ అడగలేదు. అది కూడా నిజం. అందుకని కూర్చున్నాను. ఖాళీ నీలం కార్డు తీశాను. పాత సిరా లేదు. ఉన్నదాంట్లో కాస్త నీళ్ళు కలిపాను, వెలిసినట్టుండాలని. రాశాను. బాగా కుదిరింది. పక్కపక్కన పెడితే ఏది పాతదో నేనే ఒక క్షణం తడబడ్డాను.

అప్పుడు చూసుకున్నాను నేనేం చేస్తున్నానో. అది తాళాలాయన గదిలో జరిగే పని. నా కిటికీ దగ్గర జరుగుతోంది.

చించేశాను. నీ రాత కార్డు నీ రాతలోనే వెళ్తుంది.

ఇరవయ్యో తారీకున నేను జవాబిస్తాను. ఈలోగా నువ్వు వెళ్ళి తయారీ ఎరుగుదునని చెబితే, ఐదు నీలం కార్డులు ఇస్తాను. తెల్లవి నా దగ్గరే ఉంటాయి. నువ్వు చెప్పకపోతే పెట్టె మొత్తం ఇవ్వాలి. కుట్టుపనావిడ దగ్గరికి ముందు నేనే వెళ్ళి చెప్పి వస్తాను. మిగతా పదమూడు మందికి చెప్పే దారి కూడా లేదు.

ఇది బెదిరింపు కాదు. బెదిరించడం నాకు రాదని నీకు తెలుసు. చిన్నప్పుడు నువ్వు అన్నం తినకపోతే నేను కూడా మానేసి కూర్చునేదాన్ని, అంతే.

పెద్దమ్మాయిని నా దగ్గరికి పంపు. ఇక్కడినుంచి కాలేజీ బస్సు ఉంది. కనుక్కున్నాను. ఏడుంబావుకి.

ముందు నువ్వు వెళ్ళు. నీ తర్వాత నేను.

అక్క


ఇంటినుంచి
మే 15

అక్కయ్యకి,

నిన్న వెళ్ళాను.

గది నేననుకున్నంత పెద్దది కాదు. గుర్రపునాడా ఆకారంలో బల్ల. ఐదుగురిలో ఒకాయన కునుకు తీస్తున్నాడు. అధ్యక్షురాలు మాత్రం పెన్సిలు చెక్కుకుంటూ కూర్చుంది. ముందు వరసలో ఆ చెల్లెలు. గొడుగు ఒళ్ళో పెట్టుకుంది. సిరాబుడ్డి బయట బెంచీ మీద ఉన్నాడు. తన వంతు నా తర్వాత.

నా జవాబు చదివి వినిపించారు. "సూచిక ఎన్నడూ తయారు కాలేదు. ఈ మాటకి కట్టుబడి ఉన్నారా?"

"లేనండి. సూచిక తయారైంది" అన్నాను.

కునుకాయన లేచాడు.

"మీకెలా తెలుసు?"

"ఒక కార్డు నేనే రాశాను."

అధ్యక్షురాలు పెన్సిలు కింద పెట్టింది. "అప్పుడు మీ వయసెంత?"

"పదిహేడు."

"విచారణ సంఘంలో ఉద్యోగమా?"

"కాదండి. భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాను. మా అక్కయ్యకి జ్వరం."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. నాలుగు లైన్లు రాసి చూపించమన్నారు. రాశాను. సిరా ఎప్పట్లాగే చెదిరింది. నేను కడుక్కుని వెళ్ళిన చెయ్యి అంచు మళ్ళీ నల్లబడింది.

తర్వాత ఆవిడ అడిగింది. "అసలు ఫైలు మీద సిరా పుయ్యమని కాపీల గదికి ఎవరు చెప్పారు?"

అక్కయ్యా, నువ్వడిగినప్పుడు జవాబివ్వలేదు. వాళ్ళకి ఇచ్చాను. నేనే చెప్పాను. సాయంత్రం, కోటు వేసుకుంటూ, గుమ్మంలోనే నిలబడి, "పేర్లు నల్లచేసి కాపీ తీసెయ్యి" అన్నాను. ఆ వరసలోనే అన్నాను. సిరాబుడ్డి ఒకటికి రెండుసార్లు అడిగాడు, "ముందు నల్లచెయ్యనా సార్?" అని. నేను "ఊఁ" అన్నాను.

"పొరపాటున అన్నారా, తెలిసే అన్నారా?" అంది.

"ఆ రోజు మధ్యాహ్నం పై అంతస్తు నుంచి నాకు ఫోను వచ్చింది. ఈ ఫైలు విషయంలో జాగ్రత్త, అన్నారు. అంతకంటే ఒక్క మాట కూడా అనలేదు. సాయంత్రం నా నోటినుంచి ఆ వరస వచ్చింది. పొరపాటో కాదో నేను నిజంగా చెప్పలేనండి. రెండోసారి అడిగినప్పుడు మాత్రం నాకు తెలుసు" అన్నాను.

రాసుకున్నారు.

బయటికి వస్తే సిరాబుడ్డి లేచి నిలబడ్డాడు. అలవాటు కదా.

"కూర్చోండి. నిలబడాల్సింది మీరు కాదు" అన్నాను.

"నేను చెప్పింది చేశానన్నాను కద్సార్" అన్నాడు.

"అవునండి. చెప్పింది నేనని చెప్పాను."

కాసేపు ఆలోచించి, "అయితే ఇప్పుడు నన్నేం అడుగుతారు లోపల?" అన్నాడు. నిజంగా దిగులుపడి అడిగాడు.

సాయంత్రానికి సస్పెన్షన్ కాగితం ఇంటికొచ్చింది. మా టపా గుమాస్తానే తెచ్చాడు. క్వార్టరుకి రెండు నెలలు గడువు. నీ మరదలు పొద్దున్నించీ మాట్లాడలేదు. ఇప్పుడే వచ్చి, అటక మీద పెట్టెలు దింపమంది. అది మాట్లాడినట్టే.

పెద్దమ్మాయి సోమవారం వస్తుంది. ఏడుంబావు బస్సని చెప్పాను. "అత్తయ్య నన్ను ఐదింటికి లేపి ప్రార్థనకి కూర్చోబెట్టదు కదా?" అంటోంది. కూర్చోబెడుతుందని చెప్పాను.

తమ్ముడు


మేడమీది గది
జూన్ 9

తమ్ముడికి,

మే పద్దెనిమిదో తారీకున వెళ్ళి ఐదు నీలం కార్డులు ఇచ్చాను. రసీదు ఇచ్చారు. నేను దాచిన సంగతి చెప్పాను. రాసుకున్నారు. తెల్లవాటి గురించి అడిగారు. ఉన్నాయన్నాను, ఇవ్వనన్నాను. అధ్యక్షురాలు నా మొహం చూసి, మళ్ళీ అడగలేదు.

ఆ చెల్లెలు బయట నిలబడి ఉంది. నేనెవరో ఆమెకిప్పుడు తెలుసు. దగ్గరికెళ్ళి, "మూడుసార్లు మా ఎదురింటి అరుగు మీద కూర్చున్నావు. నేను తలుపు తియ్యలేదు" అన్నాను. క్షమించానని ఆమె అనలేదు. మెట్లు దిగేటప్పుడు మాత్రం నా మోకాలు చూసి చెయ్యి పట్టుకుంది. కిందికి రాగానే వదిలేసింది.

118వ పేజీ నిన్నటి పేపర్లో పడింది. పట్టీ పక్కన పేరు అచ్చు వేశారు. తాళాలాయన పదవి వదులుకున్నాడని లోపలి పేజీలో ఉంది. కుట్టుపనావిడ కొట్టు మీదుగా బస్సులో వెళ్ళాను. దిగలేదు. మిషను ఆడుతోంది.

పెద్దమ్మాయి ఐదింటికి లేవదు. ఐదున్నరకి లేస్తుంది. వాదించి అరగంట గెలుచుకుంది.

నీలం కార్డుల పేర్లు నాకు నోటికి వచ్చు, కాబట్టి వాళ్ళ ప్రార్థన ఆగదు. పెట్టెలో ఇప్పుడు తెల్లవి పద్నాలుగే. చుట్టు తొందరగా తిరుగుతోంది. చేతికి వెలితిగా ఉంది.

అడుగునుంచి ఒక ఖాళీ కార్డు తీసి నీ పేరు రాశాను. ఇవాళ పొద్దున మొదటిసారి దాని వంతు వచ్చింది.

నువ్వు అధికారివి, నీకు నీలం కార్డేనని అనుకుంటావు. కాదు. తెల్లదే.

అక్క